పౌలు బతిమాలినా అపొల్లో వెళ్లలేదు

ప్రశ్న: అయ్యగారూ, నా వయసు 29. ఎనిమిదేళ్లుగా ఒకే సంఘంలో ఉన్నాను. నాన్న చనిపోయి ఇల్లు చెల్లాచెదురైన రోజుల్లో మా పాస్టర్ గారూ, అమ్మగారూ నన్ను సొంత కూతురిలా చూసుకున్నారు. ఆ మేలు మరిచిపోలేను. కానీ మా సంఘంలో ఉద్యోగం, పెళ్లి, ఇల్లు మారడం, ఏదైనా సరే ముందు ఆయనకు చెప్పాలి. 'ప్రభువు సమ్మతించాడు' అని ఆయన అన్నాకే చెయ్యాలి. దీన్ని 'కవరింగ్' అంటారు. ఇప్పుడు నాకు వేరే నగరంలో మంచి ఉద్యోగం వచ్చింది. ఆయన మాత్రం 'నాకు ప్రార్థనలో సమాధానం రాలేదు, వెళ్తే కవరింగ్ పోతుంది' అన్నారు. కారణం అడిగితే, తిరుగుబాటు సోదె చెప్పడంతో సమానమనే వాక్యం చూపించారు. ఆ తర్వాతి ఆదివారం, నేను కౌన్సెలింగ్‌లో ఏడుస్తూ చెప్పుకున్న విషయం ఒకటి పేరు లేకుండా ప్రసంగంలో వచ్చింది. అది నా గురించేనని విన్నవాళ్లలో చాలామందికి తెలుసు. నేను తిరుగుబాటు చేస్తున్నానా? వెళ్తే నాకు కీడు జరుగుతుందా? మళ్లీ ఏ నాయకుణ్నయినా నమ్మగలనా? ఉద్యోగానికి జవాబు చెప్పడానికి ఇంకా మూడు వారాలే ఉంది.
— ఒక సోదరి

జవాబు:

అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. గుండెలో భయం ఉన్నంతసేపూ మిగతా ఏ మాటా చెవికెక్కదు. మీరు ఆ ఉద్యోగానికి వెళ్లినందుకు దేవుడు మీ మీద నుంచి చెయ్యి తీసెయ్యడు. మీకున్న కాపుదల ఆయన ఇచ్చింది. దాన్ని ఇచ్చే అధికారం గానీ, వెనక్కి తీసుకునే అధికారం గానీ ఏ కాపరికీ లేదు, ఒకప్పుడు కాపరిగా ఉన్న నాకూ లేదు. కారణం అడగడం తిరుగుబాటు కాదు. ఈ రెండు మాటలూ మీకు పూర్తిగా నమ్మకం కలిగేదాకా మళ్లీ మళ్లీ చదువుకోండి. మిగతా ఉత్తరం రేపు చదివినా ఫరవాలేదు.

మొదటి కొరింథీయుల పత్రిక చివరి అధ్యాయంలో ఒక చిన్న వచనం ఉంది, 16:12. వందనాలు, ప్రయాణాల కబుర్ల మధ్య ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని దాటేసి వెళ్లిపోతారు. కొరింథుకు వెళ్లమని అపొల్లో అనే బోధకుణ్ని తాను చాలా బతిమాలానని పౌలు అక్కడ రాస్తాడు. కానీ ఇప్పుడు రావడానికి అతనికి ఎంతమాత్రమూ మనసు లేదట, వీలైనప్పుడు వస్తాడట. అంతే. తర్వాతి వచనంలో పౌలు మెలకువగా ఉండండి, విశ్వాసంలో నిలకడగా ఉండండి అంటూ వేరే విషయంలోకి వెళ్లిపోతాడు.

ఇందులో ఉన్నది ఎవరెవరో చూడండి. అడిగినవాడు అపొస్తలుడు, ఆ సంఘాన్ని తన చేతులతో నాటినవాడు. అడిగింది సొంత అవసరం కోసం కాదు, సంఘం పని కోసమే. అదీ ఒకసారి అడిగి ఊరుకోలేదు, బతిమాలాడు. అపొల్లో కుదరదన్నాడు. దానికి పౌలు అతన్ని తిరుగుబాటుదారుడని పిలవలేదు, కవరింగ్ పోతుందని భయపెట్టలేదు, 'నేను అపొస్తలుణ్ని, నాకు ప్రభువు చెప్పాడు' అనీ అనలేదు. అపొల్లో మనసును ఉన్నది ఉన్నట్టు సంఘానికి తెలియజేసి, 'మన సహోదరుడు' అనే రాశాడు. నాయకత్వం మీద నాకున్న అవగాహన మొత్తం ఈ ఒక్క వచనం దగ్గర మారిపోయింది. నమ్మదగిన నాయకుడెవరో తెలియాలంటే, కాదన్నవాడితో ఆయన ఎలా ఉంటాడో చూస్తే చాలని అప్పటినుంచి నా అభిప్రాయం.

'పాస్టర్ గారికి దేవుడు చెప్పి ఉంటే?' అని మీ మనసులో ఒక మూల ఉండే ఉంటుంది. దానికి అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం చదవండి. పౌలు యెరూషలేముకు వెళ్తున్నాడు. తూరులో శిష్యులు ఆత్మ ద్వారా అతన్ని వెళ్లవద్దన్నారు. కైసరయలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్లూ చేతులూ కట్టుకుని, యెరూషలేములో నీకు జరిగేది ఇదే అని చూపించాడు. అక్కడున్నవాళ్లందరూ ఏడ్చారు, వద్దన్నారు. పౌలు వెళ్లాడు. అగబు చెప్పింది అబద్ధం కాదు, పౌలు నిజంగానే బంధింపబడ్డాడు. అయినా వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం పౌలుదే. అతను ఒప్పుకోకపోయేసరికి వాళ్లు చివరికి 'ప్రభువు చిత్తము జరుగునుగాక' అని ఊరుకున్నారు. ఆ తర్వాత వాళ్లలో కొందరు అతనితో పాటు యెరూషలేము దాకా నడిచారు కూడా. వద్దన్నవాళ్లే తోడు వెళ్లారు. మీ విషయంలో ఎవరికైనా నిజంగా దేవుని హెచ్చరిక అందినా, వాళ్లు నడవాల్సిన దారి ఇదే. చెప్తారు, ఏడుస్తారు, తర్వాత మీతో నాలుగడుగులు వేస్తారు.

దీనికి ఎదురుగా ఇంకో కథ కూడా ఉంది. మొదటి రాజులు 13వ అధ్యాయంలో యూదా నుంచి వచ్చిన ఒక దైవజనుడు, దేవుడు తనకు స్పష్టంగా చెప్పిన మాటను పక్కనపెట్టి ఒక ముసలి ప్రవక్త మాట విన్నాడు. ఆ ముసలివాడు 'నాకు దేవదూత చెప్పాడు' అన్నాడు. అది అబద్ధమని బైబిలే రాస్తుంది. నమ్మినవాడు దారిలో సింహం చేతిలో చనిపోయాడు. వయసు, పేరు, 'దేవుడు నాకు చెప్పాడు' అన్న మాట, ఈ మూడూ ఒకచోట ఉన్నా మనం పరీక్షించే పని మానకూడదని ఆ అధ్యాయం చదివినప్పుడల్లా అనిపిస్తుంది. మీ పాస్టర్ గారు అబద్ధం ఆడుతున్నారని నేను అనడం లేదు. ఆయన మనసు నాకు తెలియదు. సమస్తాన్ని పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని థెస్సలొనీకయులకు రాసిన మాటలో ప్రవచనాలు కూడా ఉన్నాయనే అంటున్నాను.

ఇక మీకు చూపించిన వాక్యం దగ్గరికి వద్దాం. తిరుగుబాటు సోదె చెప్పడమనే పాపంతో సమానమన్నది మొదటి సమూయేలు 15:23. ఆ మాట ఎవరితో అన్నారో దయచేసి పైనుంచి చదివి చూడండి. సమూయేలు ఆ మాట అన్నది సౌలుతో. అంటే రాజుతో, అభిషేకం పొందిన నాయకుడితో. దేవుడు చెప్పింది చెయ్యకుండా, చేశానని బుకాయించిన నాయకుణ్ని గద్దించడానికి పలికిన మాట అది. నాయకుణ్ని కారణం అడిగిన ఒక విశ్వాసి మీద దాన్ని ప్రయోగించడమంటే వాక్యాన్ని తలకిందులు చెయ్యడమే. నాకు బాధ కలిగేది ఇక్కడే. ఎంతోమంది ఆడపిల్లలు, కుర్రవాళ్లు ఈ ఒక్క వచనం విని వణికిపోవడం చూశాను. వాళ్లలో ఒక్కరికి కూడా ఆ అధ్యాయం మొత్తం చదివి వినిపించినవాళ్లు లేరు.

'నేను అభిషేకించినవారిని ముట్టవద్దు' అన్నది కూడా మీకు వినిపించే ఉంటారు. కీర్తన 105లో ఆ మాట దేవుడు రాజులతో అన్నాడు, అబ్రాహాము ఇస్సాకు యాకోబుల గురించి. వాళ్లు అప్పుడు లెక్కకు కొద్దిమంది, సొంత నేల లేక ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్నవాళ్లు. బలం ఉన్నవాళ్ల నుంచి బలం లేనివాళ్లను కాపాడిన మాట అది. పైగా క్రీస్తులో ఉన్న అందరికీ అభిషేకం ఉందని యోహాను తన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో రాశాడు. ఆ 'ముట్టవద్దు' మీకూ వర్తిస్తుందమ్మా. దావీదు సౌలును చంపలేదు కదా అంటారు. నిజమే, చంపలేదు. కానీ సౌలు ఈటె విసిరినప్పుడు తప్పుకున్నాడు, పారిపోయాడు, గుహ బయట నిలబడి 'దావీదు నీకు కీడు చేయాలని చూస్తున్నాడని చెప్పేవాళ్ల మాటలు ఎందుకు వింటున్నావు' అని ముఖాముఖి అడిగాడు. సౌలును గౌరవించాడు గానీ మళ్లీ అతని ఇంట్లో కాపురం పెట్టలేదు.

హెబ్రీయులకు 13:17 గురించి కూడా చెప్పకపోతే నా జవాబు ఒకవైపే మొగ్గుతుంది. నాయకుల మాట విని లోబడమని అక్కడ స్పష్టంగా ఉంది. దాన్ని నేను తేలిక చెయ్యను. అక్కడ 'మాట వినండి' అన్నచోట గ్రీకులో వాడిన క్రియకు ఒప్పించడం అనే అర్థంతో సంబంధం ఉంది. నచ్చచెప్తే మనసుతో ఒప్పుకుని వినడం అన్న భావం అందులో ఉంది. అంటే నచ్చచెప్పే బాధ్యత నాయకుడి మీద ఉంది, మొండితనం లేకుండా వినే బాధ్యత మన మీద ఉంది. అదే అధ్యాయం 7వ వచనం ఇంకో మాట చెప్తుంది. వాళ్ల ప్రవర్తన ఫలితాన్ని శ్రద్ధగా తలచుకుని, వాళ్ల విశ్వాసాన్ని అనుసరించమంటుంది. చూసి అనుసరించమంటుంది. చూపు లేని విధేయతను బైబిల్ ఎక్కడా మెచ్చుకోలేదు. బెరయవాళ్లు పౌలు చెప్పింది నిజమో కాదో ప్రతిరోజూ లేఖనాల్లో వెతికి చూశారు, అందుకే వాళ్లు ఘనులన్న పేరు తెచ్చుకున్నారు.

'కవరింగ్' అనే మాటకూ ఒక చరిత్ర ఉంది. విశ్వాసి తన ఉద్యోగం, పెళ్లి లాంటి నిర్ణయాలకు ఒక కాపరి నీడ కిందే ఉండాలన్న బోధ కొత్త నిబంధనలో లేదు. అది 1970లలో అమెరికాలో బాగా వ్యాపించింది. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా పనిచేసిన ఐదుగురు బోధకుల చుట్టూ ఒక ఉద్యమం నడిచింది. ప్రతి విశ్వాసికీ ఒక 'షెపర్డ్' ఉండాలి, ఆయనకు లోబడాలి అన్నది దాని బోధ. 1975 నాటికే తోటి క్రైస్తవ నాయకుల నుంచి గట్టి అభ్యంతరాలు వచ్చాయి. ఆ ఐదుగురిలో డెరెక్ ప్రిన్స్ 1980లలో దాన్నుంచి తప్పుకున్నారు. బాబ్ మమ్‌ఫర్డ్ తర్వాత బహిరంగంగా క్షమాపణ అడిగారు. వాళ్లు మోసం చెయ్యాలని మొదలుపెట్టినవాళ్లు కాదు. ఎవరి అజమాయిషీ లేకుండా తిరిగే విశ్వాసుల్ని చూసి, శ్రద్ధగా శిష్యుల్ని చెయ్యాలనుకున్నారు. మంచి కోరికే కొన్నిచోట్ల ఊపిరాడనివ్వని పట్టుగా మారింది. ఆ బోధను మొదలుపెట్టినవాళ్లలోనే కొందరు వెనక్కి తిరిగి చూసి తలవంచారని తెలిస్తే మీకు కొంత ధైర్యం వస్తుందని ఇదంతా చెప్తున్నాను.

విధేయత మీదే జీవితం కట్టుకున్న మఠాల్లో కూడా ఇంత బిగింపు లేదు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన సన్యాసులకు నియమాలు రాశాడు. ముఖ్యమైన విషయం ఏదైనా వస్తే మఠాధిపతి అందర్నీ పిలిచి అభిప్రాయం అడగాలని, చాలాసార్లు ప్రభువు చిన్నవాడికే మంచి ఆలోచన బయలుపరుస్తాడని ఆ నియమాల్లో ఉంది. తన వల్ల కాని పని అప్పగిస్తే, సరైన సమయం చూసి ఎందుకు కాదో ఓపికగా పెద్దకు చెప్పుకోవచ్చని ఇంకోచోట ఉంది. జీవితాంతం విధేయులుగా ఉంటామని దేవుని ముందు ప్రమాణం చేసినవాళ్లకే నోరు విప్పే హక్కు ఉంటే, మీకు లేదా?

ఇప్పుడు నేను ఒక విషయం ఒప్పుకోవాలి. 20 ఏళ్లకు పైగా ఒక సంఘానికి కాపరిగా ఉన్నాను. మా యౌవనస్థుల్లో ఒకతను కీబోర్డు వాయించేవాడు, కూడిక మొత్తం అతని భుజాల మీద నడిచేది. అతనికి వేరే ఊళ్లో పై చదువుకు సీటు వచ్చింది. వచ్చి అడిగాడు. 'ప్రార్థన చేశాను బాబూ, నాకు సమాధానం రాలేదు' అన్నాను. నిజంగానే మోకాళ్లూనాను. కానీ ఆ రాత్రి నా తలలో తిరిగింది, వచ్చే ఆదివారం నుంచి కీబోర్డు ఎవరు వాయిస్తారన్న టెన్షన్ ఒక్కటే. ఆ అశాంతికి నేను ప్రభువు పేరు పెట్టాను. అతను నా మాట విని ఆగిపోయాడు, సీటు పోయింది. అతను ఏమీ అనలేదు, అలాగే వాయించాడు. కొన్నేళ్ల తర్వాత నా భార్య ఒకరోజు 'ఆ పిల్లాణ్ని దేవుడు ఆపాడా, మీరు ఆపారా' అని అడిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. అతని ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. క్షమించాడు. పోయిన సీటు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే మీ పాస్టర్ గారి గురించి కఠినంగా మాట్లాడలేకపోతున్నాను, అలాగని ఆయన చేసింది సరేననీ అనలేకపోతున్నాను. మనుషులు వెళ్లిపోతారన్న భయం కాపరికి ఉంటుంది. ప్రేమించిన బిడ్డ దూరమవుతుందన్న దిగులు ఉంటుంది. ఆ భయం, ఆ దిగులు పాపం కాదు. వాటిని దేవుని స్వరం అనడమే తప్పు. 'అమ్మా, నువ్వు వెళ్తే నాకు కష్టంగా ఉంటుంది' అని ఆయన అని ఉంటే ఎంత బావుండేది!

మీరు ఆయన చేసిన మేలు గురించి రాశారు. ఆ మేలు నిజం. దాన్ని ఇప్పుడు కోపంలో చిన్నది చెయ్యకండి, 'అదంతా నన్ను కట్టిపడెయ్యడానికే చేశారు' అని కథ అల్లుకోకండి. తండ్రి పోయిన పిల్లను అక్కున చేర్చుకున్నారు, దానికి దేవుడు వాళ్లను దీవించాలి. అయితే మేలుకు కృతజ్ఞత చూపించగలం గానీ, ఇంత చెల్లిస్తే తీరిపోతుందని లెక్క కట్టలేం. అది అప్పుగా మారిందంటే ఎప్పటికీ తీరదు, వడ్డీకి మీ జీవితమంతా సరిపోదు. ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో పౌలు ఈ అంచు మీదే నడుస్తాడు. ఆజ్ఞాపించే ధైర్యం తనకు ఉన్నా ప్రేమను బట్టి వేడుకుంటున్నానంటాడు. నీ మేలు బలవంతం వల్ల కాక స్వేచ్ఛగా జరగాలి, నీ సమ్మతి లేకుండా ఏమీ చెయ్యడం నాకు ఇష్టం లేదంటాడు. ఫిలేమోను తనకు ఎంత రుణపడి ఉన్నాడో గుర్తు చేస్తూనే తలుపు తెరిచి ఉంచాడు.

ప్రసంగం విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడను. మీరు ఏడుస్తూ చెప్పుకున్నది వేదిక ఎక్కడం తప్పు. పేరు చెప్పలేదన్నది సాకు కాదు. మీది కాథలిక్ సంఘం కాదని ఉత్తరాన్ని బట్టి అర్థమైంది, అయినా ఆ సంఘం ఈ విషయంలో ఎంత పట్టుదలగా ఉందో తెలుసుకోవడం మంచిది. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ, పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నదాన్ని మాట ద్వారా గానీ, సైగ ద్వారా గానీ బయటపెట్టే గురువును ఆ పదవి నుంచి తొలగించి, జీవితాంతం పశ్చాత్తాపంలో ఉండేలా ఒక మఠానికి పంపాలని నిర్ణయించింది. సైగ ద్వారా కూడా అన్నారు, గమనించండి. 1983 నాటి వాళ్ల సంఘ చట్టం (కానన్ లా) 630వ నిబంధనలో ఇంకో జాగ్రత్త ఉంది. మఠాల్లో పైఅధికారులు తమ కింద ఉన్నవాళ్లను మనస్సాక్షిలోని విషయాలు తమకు చెప్పుకొమ్మని ఏ రకంగానూ ప్రేరేపించకూడదు. అధికారం, ఆంతరంగిక రహస్యం ఒకే చేతిలో పడితే ఏమవుతుందో శతాబ్దాల అనుభవంతో నేర్చుకున్నారు. మన స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల కౌన్సెలింగ్ చేసేదీ, పరిచర్యలు పంచేదీ, క్రమశిక్షణ తీసుకునేదీ ఒక్కరే. అందువల్ల ఇది మీ పాస్టర్ గారి గుణం ఒక్కదానికి సంబంధించిన సంగతి కూడా కాదు, సంఘం కట్టిన తీరులోనే లోపం ఉంది. ఇకనుంచి మీ లోపలి విషయాలు మీ మీద అధికారం లేని, నోరు జారని ఒక పెద్దామెతో చెప్పుకోండి.

మరి ఏం చెయ్యాలి? ముందు ఉద్యోగాన్నీ సంఘాన్నీ విడదీయండి. అవి రెండు ప్రశ్నలు. ఉద్యోగం గురించి మీరు స్వేచ్ఛగా నిర్ణయించుకోవచ్చు, అయితే స్వేచ్ఛ అంటే ఎవరి మాటా వినకపోవడం కాదు. గలతీయులకు 5వ అధ్యాయం దాస్యపు కాడి కిందికి మళ్లీ వెళ్లవద్దంటుంది, 13వ వచనంలో ఆ స్వాతంత్ర్యాన్ని ఒకరికొకరు ప్రేమతో సేవ చేసుకోవడానికి వాడమంటుంది. కాబట్టి మీ మనసును మీరే అడగండి. ఈ ఉద్యోగం నిజంగా కావాలా, లేక ఇక్కడినుంచి పారిపోవడానికి దొరికిన తలుపా? ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్ల సంగతేమిటి? మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు ముగ్గురిని అడగండి, అందులో ఒకరైనా మీ సంఘం బయటివారై ఉండాలి. మీ పాస్టర్ గారి దగ్గర నిజమైన కారణం ఉంటే, ఆ సంస్థ గురించో ఆ పని గురించో ఆయనకు తెలిసింది ఉంటే, అదీ వినండి. కారణాన్ని తూచవచ్చు. 'సమాధానం రాలేదు' అన్నదాన్ని తూచలేం. దేవుడు మీకూ మనస్సాక్షి ఇచ్చాడు, మీకూ ఆత్మను ఇచ్చాడు. ప్రతివాడూ తనమట్టుకు తాను మనసులో రూఢిపరచుకోవాలన్న రోమీయులకు 14వ అధ్యాయం మాట మీకోసం కూడా రాసిందే.

తర్వాత ఆయన్ను కలవండి. ఒంటరిగా వద్దు. మత్తయి 18 ప్రకారం ముందు ఒంటరిగా వెళ్లాలి కదా అని మీకు సందేహం రావచ్చు. మీరు ఇప్పటికే ఒంటరిగా వెళ్లి అడిగారు. జవాబుగా ఒక వచనం వచ్చింది, ఆ వెంటనే ఒక ప్రసంగం వచ్చింది. అదే అధ్యాయం రెండో అడుగుగా ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లమంటుంది. సంఘ పెద్దల్లో మీరు గౌరవించే ఒకరిని, వీలైతే ఒక స్త్రీని కూడా తోడు పిలవండి. కూర్చున్నాక అనుమతి అడిగే గొంతుతో మాట్లాడకండి, పోట్లాడే గొంతుతోనూ వద్దు. ఇలా చెప్పవచ్చు: "పాస్టర్ గారూ, నాన్న పోయినప్పుడు మీరూ అమ్మగారూ నాకు చేసింది ఎప్పటికీ మరిచిపోను. ఈ ఉద్యోగం గురించి ప్రార్థన చేసి, పెద్దల్ని అడిగి, ఒక నిర్ణయానికి వచ్చాను. మీరు ప్రార్థించి పంపిస్తే సంతోషిస్తాను. ఇంకో మాట. నేను మీతో చెప్పుకున్నది ప్రసంగంలో రావడం నన్ను చాలా గాయపరిచింది. అది మళ్లీ జరగకూడదని అడుగుతున్నాను." ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. కావాలంటే కాగితం మీద రాసుకుని చదవండి, తప్పేం లేదు.

ఆ తర్వాత మీరు చేయాల్సింది చూడడమే. ఆయన కళ్లు చెమర్చి 'తప్పయిపోయిందమ్మా' అంటే, మీకు కాపరి మిగిలాడు. ఎంత దూరం వెళ్లినా ఆ బంధాన్ని నిలుపుకోండి. కోపం వచ్చినా, రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి మాట్లాడితే అది కూడా మంచి గుర్తే. అంతియొకయలో పౌలు అందరి ముందు పేతురును తప్పుపట్టాడు. తర్వాత పేతురు తన పత్రికలో పౌలును 'మన ప్రియ సహోదరుడు' అని రాశాడు, అంత పెద్ద మనసు మనుషుల్లో ఉంటుంది. అలా కాకుండా మీ గురించి సంఘంలో హెచ్చరికలు మొదలైతే, స్నేహితులతో మీతో మాట్లాడవద్దని చెప్తే, మీ రహస్యాలు ఇంకా బయటికొస్తే, మూడో యోహాను పత్రికలో దియొత్రెఫే గురించి చదువుకోండి. సహోదరుల్ని చేర్చుకోకుండా, చేర్చుకోబోయినవాళ్లను కూడా వెలివేసినవాడు అతను. అతన్ని యోహాను పేరు పెట్టి తప్పుపట్టాడు. అలాంటి చోటు నుంచి బయటికి రావడానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. డబ్బు విషయంలోనో, శరీరానికి సంబంధించిన విషయంలోనో ఏదైనా జరిగి ఉంటే మాత్రం అది సంఘంలో తేల్చుకునేది కాదు, చట్టం దగ్గరికి వెళ్లాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు, అయినా చెప్పి ఉంచుతున్నాను.

మళ్లీ ఏ నాయకుణ్నయినా నమ్మగలనా అని అడిగారు. నమ్మగలరు. ఇంతకు ముందు నమ్మినట్టు మాత్రం నమ్మరు, అది మంచిదే. ఆ వయసులో, ఆ దుఃఖంలో, మీరు ఒక్క మనిషికి అన్ని తాళంచెవులూ ఇచ్చేశారు. వాక్యం బోధించేవాడు, రహస్యం దాచేవాడు, జీవిత నిర్ణయాలకు సలహా ఇచ్చేవాడు, తండ్రిలా ప్రేమించేవాడు, అన్నీ ఒక్కరే. ఎంత మంచి మనిషైనా ఆ బరువు మొయ్యలేడు. కొత్త ఊళ్లో సంఘం వెతుక్కున్నప్పుడు కొన్నాళ్లు వెనక వరసలో కూర్చోండి. వెంటనే పాటల బృందంలో చేరకండి, ఎంత పిలిచినా సరే. పాస్టర్ తన పొరపాటును వేదిక మీద ఒప్పుకోవడం ఎప్పుడైనా వింటారేమో చూడండి. కానుకల లెక్కలు ఒకరికి మించి చూస్తున్నారా అని అడగండి. పౌలు కూడా విరాళాల విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా ఇతరులను వెంట పెట్టుకున్నాడని రెండో కొరింథీయుల పత్రిక 8వ అధ్యాయంలో ఉంది, కాబట్టి ఆ ప్రశ్న అమర్యాద కాదు. ఆ సంఘం వదిలి వెళ్లినవాళ్ల గురించి అక్కడివాళ్లు ఎలా మాట్లాడుతున్నారో వినండి. నాకు తెలిసి అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే. ఏదో ఒక చిన్న విషయంలో 'ఈసారి కుదరదండీ' అని చెప్పి చూడండి. 'సరేనమ్మా' అన్న జవాబు వస్తే, ఒక తాళంచెవి ఇవ్వవచ్చు. మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు.

మీకు ఇంకా మూడు వారాలు ఉన్నాయి. మొదటి వారం మీరు, మీ ప్రార్థన, ఆ ఇద్దరు ముగ్గురు పెద్దలు. రెండో వారం పాస్టర్ గారితో సమావేశం. మూడో వారం మీరు ఏది నిర్ణయించుకుంటే అది ఆ సంస్థకు రాసి పంపండి, ఎవరి సంతకం కోసమూ ఆగకండి. సమావేశం ఏ రోజు, ఎన్ని గంటలకో ముందుగా నాకు ఒక్క ముక్క రాయండి. ఆ గంటసేపు నేనూ నా భార్యా మోకాళ్ల మీద ఉంటాం.